మొరాయించని రివాల్వర్

పోతురాజు తన యాభై రెండేళ్ళ జీవితంలో వలలు కొన్నాడు, పడవలు కొన్నాడు, చేపల చెరువులకి మోటార్లు కొన్నాడు. ఏది కొన్నా అమ్మేవాడికి చెమటలు పట్టించాడే తప్ప తనకి చెమట పట్టిన పాపాన పోలేదు. అలాంటివాడు గవర్నరుపేటలో జాన్సన్ గారి తుపాకుల షాపులో, ఏసీ కింద కూర్చుని, కండువాతో మెడ మూడుసార్లు తుడుచుకున్నాడు.

“ఏ టైపు చూపించమంటారండీ?” అన్నాడు జాన్సన్. ఆయనకి అరవై దాటాయి. తండ్రి పెట్టిన షాపు. గోడకి తండ్రి ఫొటో, పక్కన శిలువ, ఆ పక్కన గొలుసు వేసి తాళం పెట్టిన తుపాకుల వరస. బేరానికి తొందరపడే మనిషి కాదు.

“మొరాయించనిది,” అన్నాడు పోతురాజు.

జాన్సన్ నవ్వాడు. పెద్దది కావాలన్నవాళ్ళని చూశాడు, ఫారిన్‌ది ఉందా అన్నవాళ్ళని చూశాడు, నడుముకి పెట్టుకుంటే పదిమందికీ కనపడాలన్న నాయకుల్ని చూశాడు. ఇలా అడిగినవాణ్ణి చూడటం ఇదే మొదలు. లైసెన్సు కాగితాలు రెండుసార్లు చదివి, లోపల్నించి రెండు తెచ్చి పచ్చగుడ్డ మీద పక్కపక్కన పెట్టాడు. ఒకటి పిస్టల్, నున్నగా, పలకలా ఉంది. రెండోది రివాల్వర్, బొడిపెలతో ఉంది, మధ్యలో ఆరు గుంటల చక్రం.

“ఈ పిస్టల్లో తూటాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయండి. ఒకటి పేలితే ఇంకోటి పైకొస్తుంది. బాగా పనిచేస్తుంది, కాదన్ను. కాకపోతే ఎప్పుడైనా తూటా మధ్యలో ఇరుక్కుంటుంది. అప్పుడు ఈ పైభాగం వెనక్కి లాగి సరిచేసుకోవాలి.”

“ఎంతసేపు పడుతుందండీ?”

“అలవాటున్నవాళ్ళకి రెండు సెకన్లు.”

“భయపడ్డవాళ్ళకి?”

జాన్సన్ కళ్ళజోడు తీసి ఆయన మొహంలోకి చూశాడు. “భయపడ్డవాళ్ళకి రివాల్వరే నయమండి,” అని పిస్టల్ని పక్కకి జరిపేశాడు. “ఇది పాత పద్ధతి. మీట నొక్కితే చక్రం తిరుగుతుంది, పేలుతుంది. ఒకటి పేలకపోతే మళ్ళీ నొక్కండి, పక్క తూటా వస్తుంది. ఆలోచించాల్సిందేం లేదు.”

ఆ మాట పోతురాజుకి నచ్చింది. ఆలోచించాల్సిన పని లేకపోవడమే ఆయనకి కావాల్సింది. అయినా వెంటనే కొనలేదు. మూడుసార్లు వెళ్ళాడు, మూడుసార్లూ అవే ప్రశ్నలు అడిగి వచ్చేశాడు. వానాకాలం తేమకి ఏమన్నా అవుతుందా? మూడు నెలలు ముట్టుకోకుండా బీరువాలో పెడితే? చెయ్యి వణికితే? చివరిదానికి జాన్సన్ “చెయ్యి మీదండీ, దానికి నేను గ్యారంటీ ఎలా ఇస్తాను” అన్నాడు. ఆడపిల్ల పెళ్ళి సంబంధానికి కూడా ఇన్ని ఎంక్వయిరీలు చెయ్యరు. నాలుగోసారి వెళ్ళి రివాల్వరే తీసుకున్నాడు.

ప్యాక్ చేస్తూ జాన్సన్ చిన్న నూనెసీసా చేతిలో పెట్టాడు. “నెలకోసారి పొడిగుడ్డతో తుడిచి, దీన్లోంచి ఒక్క చుక్క వెయ్యండి. ఇంకేం తగలనివ్వకండి. కొబ్బరినూనె రాసి తెస్తుంటారు కొంతమంది మహానుభావులు.” తర్వాత, రసీదు మీద సంతకం పెట్టించుకుంటూ, తల ఎత్తకుండానే అన్నాడు. “నలభయ్యేళ్ళ నించి ఇవి అమ్ముతున్నానండి పోతురాజు గారూ. కొన్నాక హాయిగా నిద్రపడుతోందని చెప్పినవాడు నాకింకా తగల్లేదు.”

పోతురాజుకి ఆ మాట చెవిలో పడింది గాని లోపలికి దిగలేదు. కారెక్కి, పెట్టె ఒళ్ళో పెట్టుకుని, భవానీపురం ఇల్లు చేరేదాకా వెనక అద్దంలోకే చూస్తూ వచ్చాడు.

ఆయన భయానికి ఒక పేరుంది. రత్తయ్య.

ఇద్దరిదీ కొల్లేటి లంకల్లో ఒకే ఊరు. చిన్నప్పుడు ఒకే వల చెరో కొస పట్టుకుని లాగినవాళ్ళు. పోతురాజు చేపల వ్యాపారంలో పైకొచ్చి, చెరువులు ఊళ్ళోనే ఉంచి, కాపురం బెజవాడకి మార్చాడు. రత్తయ్య లంకలోనే ఉండిపోయాడు. పడవ బోల్తాపడి కుడికాలు విరిగి, అది సరిగా అతక్క, ఆ కాలు ఈడ్చుకుంటూ నడుస్తాడు.

రెండేళ్ళ కిందట పుష్యమాసంలో, ఊరందరికీ వంతులున్న సొసైటీ చెరువులో ఎవరో పురుగుమందు కలిపారు. తెల్లవారేసరికి చెరువు నిండా చేపలు తెల్లటి పొట్టలు తేలేసి ఉన్నాయి. ఆ తెల్లవారుజామున పోతురాజు తన చెరువుకి పోతూ, మంచులో, గట్టు మీద డబ్బా పట్టుకుని పోతున్న మనిషిని వెనకనుంచి చూశాడు. పది అంకెలు లెక్కపెట్టేంత సేపు చూశాడేమో. ఆ మనిషి కాలు ఈడుస్తున్నాడు. అంతే చూసింది.

పోలీసులు అడిగితే మొదట “రత్తయ్య అనుకుంటానండి” అన్నాడు. సొసైటీ పెద్దలు చుట్టూ చేరి, చేపలు పోయిన కడుపుమంటతో గుచ్చిగుచ్చి అడిగితే “అయ్యుంటాడు” అన్నాడు. కోర్టులో బోనెక్కాక, అందరూ తననే చూస్తుంటే, “అతనేనండి” అన్నాడు. రత్తయ్యకి ఏడాది శిక్ష పడింది. మంచుకి తడిసిన రేగడి గట్టు మీద ఎవడైనా కాలు ఈడ్చే నడుస్తాడన్న సంగతి పోతురాజుకి ఆ రాత్రి పక్క మీద గుర్తొచ్చింది. గుర్తొచ్చి అక్కడే ఉండిపోయింది.

కోర్టు వరండాలో పోలీసులు తీసుకుపోతుంటే రత్తయ్య ఆగి అన్నాడు. అరవలేదు, తిట్టలేదు. “నువ్వు చూసింది నా వీపేరా పోతురాజూ. నా మొహం చూళ్ళేదు. బయటికొచ్చాక వచ్చి చూపిస్తాలే.”

తిట్టుంటే బాగుండేది. తిట్టినవాడు అక్కడితో ఖాళీ అయిపోతాడు. ఈ మాట మాత్రం పోతురాజు గొంతులో చేపముల్లులా గుచ్చుకుని, మింగుడుపడక, బయటికి రాక ఉండిపోయింది. ఆ నెలలోనే లైసెన్సుకి అర్జీ పెట్టాడు. విచారణలయ్యాయి, శిక్షణకి మూడు రోజులు పంపారు, అక్కడ ఆయన తూటాలన్నీ బొమ్మకి కాకుండా దాని వెనక మట్టిదిబ్బకే తగిలాయి. లైసెన్సు చేతికొచ్చేసరికి రత్తయ్య బయటికొచ్చి రెండు నెలలు దాటింది.

అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతం పోతురాజు కారులో పక్కసీట్లోనే కూర్చునేది. చెరువులకి వెళ్ళేటప్పుడు హనుమాన్ జంక్షన్‌లో టీకి ఆగడం మానేశాడు. హోటల్లో గోడకి వీపు ఆనించి తప్ప కూర్చోడు. చెరువుల మీద కొంగల్ని తోలడానికి పనివాళ్ళు టపాకాయ పేలిస్తే, పుట్టినప్పట్నించీ వింటున్న ఆ చప్పుడుకి ఉలిక్కిపడి టిఫిన్ డబ్బా నీళ్ళలో పారేసుకున్నాడు. పనివాళ్ళు నవ్వారు. ఆయన కూడా నవ్వబోయాడు గాని మొహం సహకరించలేదు.

రివాల్వర్ వచ్చాక భయం తగ్గాల్సింది. పెరిగింది. అంతకుముందు రత్తయ్య వస్తే పరిగెత్తాలి అనుకునేవాడు. ఇప్పుడు వస్తే కాల్చాలి అనుకోవాల్సి వస్తోంది.

భార్య గంగారత్నానికి అది ఇంట్లోకి రావడం మొదట్నించీ ఇష్టం లేదు. “మనకెందుకండీ ఆ కొరివి? వెళ్ళి ఆయనతో ఓ మాట మాట్టాడితే పోయేదానికి,” అంది.

“ఏం మాట్టాడాలే?”

“మీ మనసులో ఉన్నది.”

పోతురాజు లేచి బీరువా తాళం మరోసారి లాగి చూశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే స్థితి ఆయనది. గంగారత్నం రెట్టించలేదు. కానీ ఆవిడకి ఒక పద్ధతి ఉంది. గడపలోకి వచ్చాక అది గరిటైనా కారైనా ఇంటిదే, దానికి జరగాల్సిన మర్యాద జరగాల్సిందే.

దసరా వచ్చింది. కొండ మీద అమ్మవారి దర్శనానికి ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో మాలవేసుకున్న భవానీలు వచ్చి బెజవాడ మీద పడ్డారు. భవానీపురం వీధుల్లో ఎటు చూసినా ఎర్రబట్టలే. మగవాళ్ళందరికీ గడ్డాలు, అందరికీ బొట్లు, అందరి భుజాన సంచులు. కృష్ణలో స్నానం చేసి తడిబట్టలతో గుంపులు గుంపులుగా కొండవైపు పోతుంటే, పోతురాజు మేడ మీద నుంచి మొహాలు చూడటం మానేసి కాళ్ళు చూసేవాడు. ఏ కాలు ఈడుస్తుందా అని.

నవమి నాడు గంగారత్నం ఆయుధపూజకి కూర్చుంది. హాల్లో పీట వేసి, కత్తిపీట, చాకులు, చేపల తూకం కాటా, కుట్టుమిషను కత్తెర, కారు తాళాలు వరసగా పెట్టింది. “దాన్నీ తీసుకురండి,” అంది.

“దానికెందుకే?”

“ఇంట్లో ఉన్న ఆయుధం అదొక్కటేనండి అసలు. కత్తిపీటకి పూజ చేసి దాన్ని బీరువాలో పెడితే బాగుంటుందా? మిమ్మల్ని కాపాడాలని కదా తెచ్చుకున్నారు.”

కాదనలేకపోయాడు. తూటాలు ఆరూ తీసి జేబులో వేసుకుని, రివాల్వర్ని పీట మీద పెట్టాడు. ఆవిడ సాన మీద గంధం అరగదీస్తుంటే పక్కనే కూర్చుని, పైపైన చిన్న బొట్టు పెట్టి వదిలెయ్యి, అని చెబుదామనుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. చెరువుల దగ్గర మేనేజరు జాన్‌బాబు. పోతురాజు లేచి వరండాలోకి వెళ్ళాడు.

“సార్, చెబ్దామా వద్దా అనుకున్నానండి. రత్తయ్య మాల వేసుకున్నాడంటండి. నిన్న పొద్దున బెజవాడ బయల్దేరాడంట.”

“దర్శనానికి అయ్యుంటుందిలే,” అన్నాడు పోతురాజు.

“దర్శనానికేనండి. కాపోతే మన పనోళ్ళని మీ ఇల్లెక్కడో అడిగి తెలుసుకున్నాడండి. గేటు రంగు కూడా అడిగాడంట.”

పోతురాజు వరండా స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. గేటు రంగు అడిగినవాడు గేటు దాకా వస్తాడు. తను మళ్ళీ హాల్లోకి వచ్చేసరికి పూజ అయిపోయింది. గంగారత్నం ఏ పనీ అరకొరగా చేసే మనిషి కాదు. పసుపు, గంధం నీళ్ళతో కలిపి చిక్కగా చేసి, రివాల్వర్ నిండా పట్టించింది. భర్త ప్రాణం కాపాడే వస్తువు కదా అని చక్రం గుంటల చుట్టూ ఒక్కోదానికి ఒక్కో బొట్టు పెట్టింది. మీట దగ్గర, వెనక తూటాని కొట్టే గుర్రం దగ్గర, ఎక్కడ సందు కనపడితే అక్కడ గంధం కూరింది. దాని మీద కుంకుమ.

ఇంకో రోజైతే పోతురాజు లబలబలాడేవాడు. జాన్సన్ చెప్పిన నూనెచుక్క గుర్తొచ్చేది. ఇప్పుడు చెవుల్లో జాన్‌బాబు మాట తప్ప ఇంకేం లేదు. తువ్వాలు తీసి గబగబా తుడవబోతే గంగారత్నం చెయ్యి పట్టుకుంది. “పూజ చేసిన బొట్టు చెరపకూడదండి. మూడు రోజులు ఉండనివ్వండి.” సరేనన్నాడు. గంధం తడి ఆరకముందే ఆరు తూటాలూ పెట్టి, చక్రం మూసి, అప్పట్నించీ తువ్వాల్లో చుట్టి ఒంటితోనే పెట్టుకున్నాడు.

మర్నాడు దశమి. ఏటా దశమి నాడు గంగారత్నం పదకొండుమంది భవానీలకి భిక్ష పెడుతుంది. ఈసారి వద్దని పోతురాజు ఎంత చెప్పినా వినలేదు. “అమ్మవారి పేరున పెట్టే అన్నం ఆపుతారా?” అంది. మధ్యాహ్నం వాళ్ళు వచ్చి వరండాలో బంతిగా కూర్చుని తింటుంటే, పోతురాజు లోపలి గదిలో కుర్చీ వేసుకుని, మెష్ తలుపు గుండా ఒక్కొక్క గడ్డాన్నీ, వెళ్ళేటప్పుడు ఒక్కొక్క కాలునీ చూశాడు. ఎవరూ కాలు ఈడవలేదు. ఊపిరి పీల్చుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక గంగారత్నం ప్రసాదం ఇచ్చి వస్తానని ఎదురింటి పద్మావతమ్మ గారింటికి వెళ్ళింది. మూడు గంటలవేళ వాన మొదలైంది. సముద్రంలో వాయుగుండం ఉందన్నారు, ఆకాశం సాయంత్రంలా నల్లబడింది. కరెంటు పోయింది. ఫ్యాను ఆగాక ఇల్లంతా వాన చప్పుడే. పోతురాజు లేచి ముందు తలుపు గడియ వేద్దామనుకున్నాడు. లేవబోయేసరికి గేటు తీసిన చప్పుడైంది.

గంగారత్నం గేటు ఒకేసారి తోస్తుంది. ఇది మెల్లగా, కిర్రుమంటూ తెరుచుకుని, మధ్యలో ఆగి, మళ్ళీ తెరుచుకుంది.

వరండాలో అడుగుల చప్పుడు. ఒక అడుగు, తర్వాత తడి గచ్చు మీద ఏదో ఈడ్చిన చప్పుడు. మళ్ళీ ఒక అడుగు. మళ్ళీ ఈడుపు.

మెష్ తలుపు అవతల ఎర్రబట్టల మనిషి నిలబడ్డాడు. నెరిసిన గడ్డం, నుదుటి నిండా కుంకుమ, ఒళ్ళంతా నీళ్ళు కారుతున్నాయి. బయటి వెలుగులో వాడు స్పష్టంగా కనపడుతున్నాడు. లోపలి చీకట్లో తను వాడికి కనపడడు. రత్తయ్యే. ఈసారి వీపు కాదు, మొహం. సందేహం ఏ కోశానా లేదు.

“భవానీ,” అన్నాడు రత్తయ్య. “లోపల ఉన్నారా?”

పుట్టినప్పట్నించీ ఒరేయ్ అన్నవాడు మీరు అనేసరికి పోతురాజు కుర్చీలో వెనక్కి ముడుచుకున్నాడు. మాలలో ఉన్నవాళ్ళు అందర్నీ అలాగే పిలుస్తారని ఆ క్షణాన తోచలేదు. కొట్టబోయేవాడికే అంత మర్యాద వస్తుందనిపించింది. తువ్వాలు కింద చెయ్యి రివాల్వర్ పిడిని పట్టుకుంది.

“మొహం చూపిస్తానన్నాను కదా. వచ్చాను,” అంటూ రత్తయ్య భుజాన ఉన్న ఎర్రసంచి ముందుకి లాక్కున్నాడు. అందులో చెయ్యి పెట్టాడు.

పోతురాజు మీట నొక్కాడు.

ఏమీ కాలేదు. వేలు రాయిని నొక్కినట్టుంది. ఒకటి పేలకపోతే మళ్ళీ నొక్కండి అన్న మాట ఎక్కడో వినపడింది. మళ్ళీ నొక్కాడు. రెండో చెయ్యి కూడా తోడు చేసి, పళ్ళు బిగబట్టి, ఒంట్లో ఉన్న బలమంతా ఆ ఒక్క వేలిలోకి తెచ్చుకుని మూడోసారి నొక్కాడు. చక్రం కదల్లేదు. రాత్రంతా ఆరి గట్టిపడ్డ గంధం దాన్ని సిమెంటులా పట్టుకుంది.

రత్తయ్య చెయ్యి సంచిలోంచి బయటికొచ్చింది. అందులో ఒక కొబ్బరిచిప్ప, తడవకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టిన కుంకుమ పొట్లం ఉన్నాయి.

“అమ్మవారి ప్రసాదం. తీసుకోండి,” అన్నాడు.

పోతురాజు కదల్లేదు. మెదడు నమ్మిన దానిని వేలు ఇంకా నమ్మలేదు, అది మీట మీదే బిగుసుకుని ఉంది. రెండో చేత్తో దాన్ని ఊడదీసుకోవాల్సి వచ్చింది. తువ్వాలు చుట్టను కుర్చీలో వదిలి లేచి, గోడ పట్టుకుని వెళ్ళి మెష్ తలుపు తీశాడు.

దగ్గరగా చూస్తే రత్తయ్య చిక్కిపోయాడు. పై పళ్ళు రెండు లేవు. వరండా మెట్టు మీద, అవిటికాలు చాపుకుని కూర్చున్నాడు. వాన వైపు చూస్తూ మాట్లాడాడు.

“రేపు మాల తీసేస్తాను. మనసులో పగ ఉంచుకుని మాల తియ్యకూడదని గురుస్వామి చెప్పారు. లోపలికి రమ్మన్లేదు, ఫర్వాలేదు. నేను వచ్చింది ఒక్క మాట అడగడానికి. కోర్టుకి అక్కర్లేదు, పోలీసులకి అక్కర్లేదు. నాకు చెప్పండి చాలు. ఆ రోజు మీరు నన్ను చూశారా?”

పోతురాజు నోరు తెరిచాడు. రెండేళ్ళుగా గొంతులో ఉన్న ముల్లు అది. ఇంకో రోజైతే ఏదో ఒకటి చెప్పి తప్పుకునేవాడే. ఇప్పుడు తప్పుకోవడానికి ఒంట్లో సత్తువ లేదు.

“లేదురా,” అన్నాడు. “ఎవర్నో చూశాను. కాలు ఈడుస్తున్నాడు. నువ్వనుకున్నాను. తర్వాత నువ్వు కాదేమో అని కూడా అనుకున్నాను. అప్పటికే చెప్పేశాను.”

రత్తయ్య గడ్డంలోంచి కారేది వాన నీళ్ళో కన్నీళ్ళో తెలియలేదు.

“ఏడాదిరా, పోతురాజూ,” అన్నాడు చివరికి. భవానీ లేదు, మీరు లేదు. “ఏడాది. ఊళ్ళో పెద్దలు కట్టుబాటు పెట్టారు. మా ఇంటికి నిప్పివ్వరు, నీళ్ళివ్వరు, చెరువులో మా వంతు ఎత్తేశారు. మా ఆవిడ పక్క లంకకి పోయి కూలి చేస్తోంది.” పోతురాజు మొహంలోకి చూశాడు. “నన్ను చూసి నీకు భయమంటగా? తుపాకీ కొన్నావని ఊరంతా చెప్పుకుంటున్నారు. అది విన్న కాణ్ణుంచి మా ఆవిడ నన్ను గుమ్మం దిగనివ్వలేదు. పోతురాజు కాల్చేస్తాడు, పోవద్దని ఏడుపు. వాడు నాతో వల లాగినోడే, వాడెందుకు కాలుస్తాడే, అని చెప్పొచ్చాను.”

పోతురాజు మెట్టు మీద, వాడి పక్కనే కూలబడ్డాడు. మూడుసార్లు, మూడుసార్లు నొక్కాను నేను, అని లోపల అరుస్తున్నాడు. అది మాత్రం బయటికి రాలేదు. ఆ ఒక్కటీ చెప్పలేకపోయాడు. రెండు చేతుల్లో మొహం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. చెప్పిన సాక్ష్యానికి ఏడుస్తున్నాడనుకుని రత్తయ్య వీపు మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి పడేసరికి ఇంకా ఏడుపొచ్చింది.

గంగారత్నం గొడుగుతో గేటు తోసుకుని వచ్చి, మెట్టు మీద ఇద్దర్నీ చూసి, అక్కడే వానలో నిలబడిపోయింది. ముందు భర్త ఒళ్ళు చూసింది, తర్వాత రత్తయ్య ఒళ్ళు చూసింది. ఎక్కడా నెత్తురు లేదు. ఏమీ అడక్కుండా లోపలికి వెళ్ళి, విస్తరాకు కడిగి తెచ్చింది. “భిక్ష చేసి వెళ్ళండి, భవానీ. పులిహోర ఉంది,” అంది.

ఆదివారం ఊళ్ళో పెద్దల ముందు నిలబడి, తను చూసింది రత్తయ్యని కాదని చెబుతానని పోతురాజు మాటిచ్చాడు. లాయర్‌ని కలిసి కోర్టులో కూడా చెప్పొచ్చేమో అడుగుతానన్నాడు. తప్పుడు సాక్ష్యానికి తన మీదే కేసు పడొచ్చని ఆయనకి తెలుసు. ఆ భయం చిన్నదిగా అనిపించింది.

మర్నాడు పొద్దున్నే గవర్నరుపేట వెళ్ళాడు. తువ్వాలు మూట జాన్సన్ ముందు పెట్టాడు. విప్పి చూసి ఆయన నెత్తి కొట్టుకున్నాడు.

“ఏంటండీ ఇది? దీనికి పేరంటం చేశారా?” లోపలికి తీసుకెళ్ళి, సన్న బ్రష్‌తో, ఏదో నూనెతో అరగంట గోకాడు. ఎండిన గంధం పసుపుపచ్చగా పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. చక్రం విడిపోయి పక్కకి రాగానే ఆరు తూటాలూ ఒక్కొక్కటే తీసి గుడ్డ మీద నిలబెట్టాడు. “లోడు చేసే ఉంది! అదృష్టవంతులండీ మీరు. అవసరం పడలేదు గనక సరిపోయింది. పడుంటే ఒక్కటంటే ఒక్కటి పేలేది కాదు.”

పోతురాజు ఆరు తూటాల్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

జాన్సన్ నూనెచుక్క వేసి, ఖాళీ రివాల్వర్ని గోడవైపు తిప్పి మీట నొక్కాడు. టక్. మళ్ళీ టక్. ఆరుసార్లు, ఎక్కడా ఆగకుండా, గడియారంలా తిరిగింది. ప్రతి టక్కుకీ పోతురాజు కళ్ళ ముందు మెష్ తలుపు, ఎర్రబట్టలు, సంచిలోకి వెళ్తున్న చెయ్యి కనపడ్డాయి. ఆరుసార్లూ వాడు పడిపోయాడు. రత్తయ్య ఎదురుగా నిలబడ్డప్పుడు కూడా ఆయన ఇంత భయపడలేదు.

“బ్రహ్మాండంగా ఉందండి. ఇంక నూటికి నూరుపాళ్ళు పేలుతుంది. తీసుకోండి,” అని జాన్సన్ పిడి ఆయన వైపు తిప్పి అందించాడు.

పోతురాజు చేతులు రెండూ ఒళ్ళోనే ఉండిపోయాయి.

“జాన్సన్ గారూ, దీన్ని మళ్ళీ నిన్నటిలాగా చెయ్యడం కుదురుతుందాండీ?”

జాన్సన్ నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయాడు. “మొరాయించనిది కావాలని నాలుగుసార్లు తిరిగింది మీరే కదండీ?”

“నేనేనండి,” అన్నాడు పోతురాజు. “అప్పటికి నాకు రత్తయ్య ఒక్కణ్ణి చూస్తేనే భయమండి.”

రివాల్వర్ని అక్కడే ఉంచమని కాగితం రాసిచ్చి, ఖాళీ తువ్వాలు భుజాన వేసుకుని బయటికొచ్చాడు. కుడిచేతి చూపుడువేలు ఇంకా నొప్పిగానే ఉంది.